ధనమా, రుణమా? పని ఎవరి ఖాతాలో పడింది?

బావిలోంచి నీళ్లు తోడుతున్నారనుకోండి. బొక్కెన, నీళ్లు కలిపి 10 కిలోలు. నీళ్లు 5 మీటర్ల లోతులో ఉన్నాయి. బొక్కెన ఎక్కడా వేగం మారకుండా నెమ్మదిగా పైకి వస్తోంది. ఇప్పుడు చెప్పండి, ఇలా వస్తున్నప్పుడు బొక్కెన మీద జరిగిన మొత్తం పని ఎంత?

చేతులు పీకుతున్నాయి కాబట్టి ‘500 జౌల్స్’ అనాలనిపిస్తుంది. సరైన జవాబు సున్నా. తాడు చేసిన పని ప్లస్ 500, భూమి ఆకర్షణ చేసిన పని మైనస్ 500. రెండూ కలిపితే ఏమీ మిగల్లేదు. (లెక్క తేలిగ్గా ఉండటానికి గురుత్వ త్వరణం 9.8 బదులు 10 అనుకుంటున్నాను. కిందంతా ఇదే.)

‘అంత కష్టపడి లాగితే సున్నా ఏంటి?’ అని అడగని విద్యార్థి ఉండరు. అడగాలి కూడా. కానీ చాలామందికి దొరికే జవాబు ‘ఫార్ములా అలాగే వస్తుంది, రాసుకో’. జేఈఈ మెయిన్‌లో సరైన జవాబుకి 4 మార్కులు, తప్పు పెడితే ఒకటి పోతుంది. అంటే లెక్కంతా సరిగ్గా చేసి గుర్తు ఒక్కటి తారుమారైనా 5 మార్కుల తేడా. ఆప్షన్లలో ప్లస్ 500, మైనస్ 500 పక్కపక్కనే కూర్చుని మనకోసం ఎదురుచూస్తుంటాయి.

మా పిన్ని కూతురు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. హాస్టల్లో ఆదివారం మాత్రమే ఫోన్ ఇస్తారు. ఆ కాస్త టైమ్‌లో అమ్మానాన్నలతో మాట్లాడాక మిగిలింది నాకు. మొన్నామధ్య తన నోట్సులోని ఒక షార్ట్‌కట్ పట్టిక చదివి వినిపించింది. పైకి వెళ్తే గురుత్వాకర్షణ మైనస్, కిందికి వస్తే ప్లస్. ఘర్షణ ఎప్పుడూ మైనస్. నార్మల్ ఫోర్స్ ఎప్పుడూ సున్నా. తాడు ఎప్పుడూ ప్లస్.

“అన్నయ్యా, ఈ నాలుగూ గుర్తుంటే చాలంట. నాకు గుర్తున్నా లెక్కలు తప్పుతున్నాయి. ఎంపీసీ నాకు సరిపడదేమో” అంది.

నాకు కోపం వచ్చింది, తన మీద కాదు. ఆ నాలుగింటిలో ఎప్పుడూ నిజమయ్యేది మొదటిది ఒక్కటే. మిగతా మూడూ సగం రోజులే పనిచేసే నియమాలు. వాటిని నమ్మి లెక్క చేస్తే తప్పు రావడమే సహజం. దానికి ఒక పిల్ల గ్రూపు మార్చుకోవాలా?

పేరులోనే ఉంది లెక్క

ఇంగ్లిష్‌లో ‘నెగెటివ్ వర్క్’ అనగానే ఏదో చెడ్డ పని, తక్కువ రకం పని అన్న భావన వచ్చేస్తుంది. తెలుగు మీడియం పుస్తకం తెరిస్తే ధన పని, రుణ పని అని ఉంటుంది. ధనం అంటే డబ్బు, రుణం అంటే అప్పు. ఇవి ఇప్పటి మాటలు కావు. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో ప్లస్, మైనస్ సంఖ్యలకు నియమాలు రాసినప్పుడు వాడిన పేర్లూ ఇవే. ఇది ఖాతా పుస్తకం భాష. మన విషయానికి దీనికన్నా మంచి భాష దొరకదు.

టీ కొట్లో 20 రూపాయలు ఫోన్‌తో చెల్లించారు. మీకు ‘డెబిట్’ అని మెసేజ్ వస్తుంది. అదే క్షణంలో కొట్లో ఉన్న స్పీకర్ ‘20 రూపాయలు అందాయి’ అని అరుస్తుంది. జరిగిన లావాదేవీ ఒక్కటే. అది ప్లస్సా, మైనస్సా? ఎవరి ఖాతా చూస్తున్నామో చెప్పకుండా ఈ ప్రశ్నకు అర్థమే లేదు.

పని కూడా అంతే. ఒక బలం ఒక వస్తువులోకి శక్తిని వేస్తే ధనం, ఆ వస్తువులోంచి శక్తిని తీస్తే రుణం. వేస్తోందో తీస్తోందో తెలుసుకోవడం ఎలాగంటే, వస్తువు కదులుతున్న వైపుకే బలం ఉంటే వేస్తోంది, ఎదురుగా ఉంటే తీస్తోంది, అడ్డంగా లంబకోణంలో ఉంటే వేయదు, తీయదు. బలం, స్థానభ్రంశం, కాస్ థీటా గుణించమని పుస్తకం చెప్పేది ఈ మాటనే. అందుకే లెక్క మొదలుపెట్టేముందు కాగితం మీద ఒక పూర్తి వాక్యం రాయమని చెల్లికి చెప్పాను: ‘ఫలానా బలం, ఫలానా వస్తువు మీద చేసిన పని’. ఉత్తినే ‘పని’ అని రాయొద్దన్నాను. పేమెంట్ల సాఫ్ట్‌వేర్ రాసేచోట కూడా ఖాతా నంబర్ లేని ఎంట్రీని ఎవరూ ఒప్పుకోరు.

ఇప్పుడు బొక్కెన దగ్గరికి వెళ్దాం. తాడు దాని ఖాతాలో 500 వేసింది. భూమి ఆకర్షణ 500 తీసుకుంది. బొక్కెన దగ్గర గతిజశక్తి రూపంలో ఏమీ మిగల్లేదు కాబట్టి మొత్తం పని సున్నా. మీ కష్టం మాత్రం ఎక్కడికీ పోలేదు. భూమి తీసుకున్న ఆ 500నే మనం స్థితిజశక్తి అని పిలుస్తాం. ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదన్నమాట. బొక్కెన వదిలేస్తే మొత్తం తిరిగొస్తుంది.

అసలు చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఈ డిపాజిట్ దగ్గరే. ఈసారి 100 న్యూటన్లు కాకుండా 120 న్యూటన్ల బలంతో లాగారనుకుందాం. తాడు చేసిన పని 600. గురుత్వాకర్షణ మైనస్ 500. మిగిలిన 100 గతిజశక్తి. బొక్కెన పైకి వచ్చేసరికి సెకనుకు సుమారు నాలుగున్నర మీటర్ల వేగం అందుకుంటుంది. బాగానే ఉంది కదా. కానీ చాలా ఆన్సర్ షీట్లలో లెక్క ఇలా నడుస్తుంది: ఒకవైపు 600లోంచి 500 తీసేస్తారు, ఇంకోవైపు గతిజశక్తికి స్థితిజశక్తి 500 కలుపుతారు. గతిజశక్తి ఎంతొస్తుంది? మైనస్ 400.

వేగాన్ని వర్గం చేస్తే మైనస్ రాదు. కాబట్టి గతిజశక్తి మైనస్ వచ్చిందంటే ఎక్కడో ఒకే ఖర్చుని రెండుసార్లు రాశారని అర్థం. గురుత్వాకర్షణ చేసిన పని, స్థితిజశక్తిలో మార్పు రెండు వేర్వేరు ఖర్చులు కావు. ఒకే ఖర్చుకి రెండు పేర్లు. బొక్కెన ఒక్కదాన్నే చూస్తే గురుత్వాకర్షణ చేసిన పనిని లెక్కలోకి తీసుకోండి, స్థితిజశక్తి ఊసెత్తకండి. బొక్కెన, భూమి కలిపి ఒక ఉమ్మడి ఖాతాగా చూస్తే స్థితిజశక్తి రాయండి, గురుత్వాకర్షణ పనిని వదిలేయండి. మొగుడూపెళ్లాల జాయింట్ అకౌంట్లో ఒకరు ఇంకొకరికి ఇచ్చిన డబ్బు బయటి ఖర్చు అవ్వదు కదా.

అన్నట్టు, గతిజశక్తి ఫార్ములాలో ముందు ఆ ‘సగం’ ఎందుకుందని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? 1829లో గుస్తావ్ కొరియోలిస్ అనే ఫ్రెంచి ఇంజినీరు యంత్రాల మీద ఒక పుస్తకం రాశాడు. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేదానికి ‘పని’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాట స్థిరపడటంలో ఆ పుస్తకానిది పెద్ద పాత్ర. అప్పటిదాకా చాలామంది ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి ఊరుకునేవారు. చేసిన పనితో సరిగ్గా సరిపోవాలంటే అందులో సగమే తీసుకోవాలన్నాడు ఆయన. ఖాతా టాలీ అవడానికి వచ్చిన సగం అది.

పట్టిక ఎక్కడ తెగుతుంది

తాడు ఎప్పుడూ ప్లస్ అన్నారు కదా. ఖాళీ బొక్కెనని బావిలోకి దించండి. ధన్‌మని పడకుండా తాడు పట్టుకుని మెల్లగా వదులుతారు. తాడు పైకి లాగుతోంది, బొక్కెన కిందికి దిగుతోంది. తాడు చేసేది రుణ పని. తాడు చేతుల్లోంచి జారితే అరచేతులు భగ్గుమంటాయి చూడండి, బొక్కెన దగ్గర తీసుకున్న శక్తి అక్కడ తేలుతుంది.

నార్మల్ ఫోర్స్ ఎప్పుడూ సున్నా అన్నది లిఫ్ట్ ఎక్కగానే తప్పవుతుంది. 60 కిలోల మనిషి 30 మీటర్లు పైకి వెళ్తే లిఫ్ట్ నేల అతని మీద చేసిన పని ప్లస్ 18,000 జౌల్స్. దిగేటప్పుడు మైనస్ 18,000. కదలని నేల మీదో, కదలని వాలు మీదో వస్తువు జారే లెక్కల్లోనే అది సున్నా, ఎందుకంటే అక్కడ నార్మల్ ఫోర్స్ కదలికకు ఎప్పుడూ అడ్డంగా ఉంటుంది.

లిఫ్ట్ అంటే గుర్తొచ్చింది. అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఉండే తాళ్ల లిఫ్ట్‌కి అవతలివైపు ఒక బరువు కట్టి ఉంటుంది. ఖాళీ పెట్టె కన్నా ఆ బరువు ఎక్కువ, ఎందుకంటే సగం మంది ఎక్కినప్పుడు రెండువైపులా సరితూగేలా పెడతారు. దాంతో ఖాళీ లిఫ్ట్ పైకి వెళ్తున్నప్పుడు బరువైన వైపు కిందికి దిగుతున్నట్టే. అప్పుడు మోటారు లాగదు, పట్టి ఆపుతుంది. పైకి వెళ్తున్న లిఫ్ట్‌లో మోటారు రుణ పని చేస్తోందంటే మొదట్లో నేనూ రెండుసార్లు బొమ్మ గీసుకుని చూశాను.

ఇక ఘర్షణ. ఆర్టీసీ బస్సులో సీటు పక్కన కింద 20 కిలోల బ్యాగు పెట్టారు. బస్సు కదిలి గంటకు 36 కిలోమీటర్ల వేగం అందుకుంది. బ్యాగు జారకుండా బస్సుతోపాటే వచ్చింది. ఇప్పుడు బ్యాగు దగ్గర 1,000 జౌల్స్ గతిజశక్తి ఉంది. ఎవరిచ్చారు? గురుత్వాకర్షణ, నార్మల్ ఫోర్స్ నిలువుగా ఉన్నాయి, వాటికి సంబంధం లేదు. బ్యాగుని ముందుకు తోసింది నేల ఘర్షణ ఒక్కటే. ఘర్షణ చేసిన పని ప్లస్ 1,000. డ్రైవర్ బ్రేకు వేసి బస్సు ఆపితే, బ్యాగు అప్పుడూ జారకపోతే, అదే ఘర్షణ మైనస్ 1,000 చేస్తుంది. ‘కానీ బస్సులో కూర్చుని చూస్తే బ్యాగు అసలు కదల్లేదు కదా’ అంటే అదీ నిజమే. బస్సులోంచి చూస్తే పని సున్నా. పని లెక్క ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. పరీక్షలో వేరే మాట చెప్పకపోతే రోడ్డు మీద నిలబడి చూస్తున్నట్టే.

ఇక్కడ డబ్బు పోలిక కొంచెం జాగ్రత్తగా వాడాలి. న్యూటన్ మూడో నియమం ప్రకారం రెండు వస్తువులు ఒకదాన్నొకటి సమానంగా తోసుకుంటాయి కాబట్టి ఒకరికి ప్లస్ 60 అయితే ఇంకొకరికి కచ్చితంగా మైనస్ 60 అనుకోవద్దు. గచ్చు మీద పెట్టె జారుతోంది, ఘర్షణ 20 న్యూటన్లు, 3 మీటర్లు జారింది. పెట్టె మీద ఘర్షణ చేసిన పని మైనస్ 60. నేల కదల్లేదు కాబట్టి నేల మీద జరిగిన పని సున్నా. ఆ 60 ఎవరి ఖాతాలోనూ కదలికగా చేరలేదు. పెట్టె అడుగు, గచ్చు వేడెక్కాయి. లావాదేవీలో మధ్యలో కోసుకున్న ఛార్జీ అనుకోండి.

ఇంకో తికమక ఉంది, త్వరగా తేల్చేద్దాం. పైకి ప్లస్ అనుకోవాలా, కిందికి ప్లస్ అనుకోవాలా? ఏదైనా ఒకటే. బొక్కెన 5 మీటర్లు కిందికి దిగింది. పై దిశ ప్లస్ అనుకుంటే గురుత్వ బలం మైనస్ 100, స్థానభ్రంశం మైనస్ 5. గుణిస్తే ప్లస్ 500. కింది దిశ ప్లస్ అనుకుంటే 100ని 5తో గుణించినా ప్లస్ 500. పని గుర్తు మన ఇష్టాన్ని బట్టి మారదు. మారిందంటే బలానికి ఒక దిశ, స్థానభ్రంశానికి ఇంకో దిశ వాడేశారన్నమాట.

తిరుమల ఎక్కి దిగితే

పరీక్ష పక్కన పెడదాం. ఈ మైనస్ మన ఒంటికి బాగా తెలుసు. అలిపిరి నుంచి తిరుమలకి సుమారు 3,500 మెట్లు. తిరుపతికీ కొండకీ ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. 60 కిలోల మనిషి ఎక్కితే గురుత్వాకర్షణ అతని మీద చేసే పని మైనస్ 4,20,000 జౌల్స్. దాన్ని పూడ్చేది కాళ్ల కండరాలు. ఎక్కేటప్పుడు ఆయాసం, చెమట. దిగేటప్పుడు ఊపిరి హాయిగా ఆడుతుంది, కబుర్లు చెప్పుకుంటూ వచ్చేస్తాం. కానీ మర్నాడో ఆ మర్నాడో తొడలు పట్టేసి ఇంట్లో రెండు మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటాం.

ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ బలం ఇస్తుంది, అది ధన పని. దిగేటప్పుడు అదే కండరం బిగిసి ఉండగానే సాగుతుంది. బలం ఒకవైపు, కదలిక ఇంకోవైపు, అంటే రుణ పని. ఊపిరికి ఇది తేలిక, కండరం పోగులకి మాత్రం దెబ్బ. ఆలస్యంగా వచ్చే ఆ నొప్పి అలా సాగడం వల్లే ఎక్కువ.

1952లో బ్రిటన్‌లో అబాట్, బిగ్లాండ్, రిచీ అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని చక్కగా కొలిచారు. రెండు కదలని సైకిళ్లను వీపులు ఎదురెదురుగా పెట్టి గొలుసుతో కలిపారు. ఒకరు మామూలుగా పెడల్ తొక్కుతారు. రెండో వ్యక్తి పెడళ్లు వెనక్కి తిరుగుతూ వస్తుంటే వాటిని కాళ్లతో ఆపుతుంటారు. వేగం ఇద్దరికీ ఒకటే, బలం కూడా దాదాపు ఒకటే. ఒకరిది ధన పని, ఇంకొకరిది రుణ పని. ఇద్దరూ పీల్చుకున్న ఆక్సిజన్ కొలిస్తే ఆపుతున్న వ్యక్తికి కొన్ని రెట్లు తక్కువ సరిపోయింది. గుర్తు ఒక్కటి మారితే ఒంటికయ్యే ఖర్చు అంత మారిపోయింది. అలాగని ‘రుణ పని చేస్తే ఒంట్లో శక్తి చేరుతుంది’ అనుకోకండి. కండరానికి రీఛార్జ్ సౌకర్యం లేదు, అందిన శక్తి వేడిగా పోవాల్సిందే. బియ్యం బస్తా కదలకుండా పట్టుకుని నిలబడినా, బస్తా మీద పని సున్నా అయినా, అలసిపోయేది ఇందుకే. బిగుసుకుని ఉండటానికే కండరానికి ఖర్చవుతుంది.

బండి మీద దిగేవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. స్కూటర్, ఇద్దరు మనుషులు కలిపి 250 కిలోలు అనుకుందాం. 700 మీటర్లు దిగితే గురుత్వాకర్షణ వేసేది 17,50,000 జౌల్స్. వేగం పెరగకుండా కిందికి రావాలంటే అంతా ఎవరో ఒకరు తీసుకోవాలి. దాదాపు 6 లీటర్ల మామూలు నీళ్లను మరిగే దాకా తీసుకెళ్లగల వేడి అది. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. మిగతాది బ్రేకు, ఇంజిన్ పంచుకోవాలి. ఘాట్ రోడ్లమీద తక్కువ గేర్‌లో దిగమని బోర్డులు పెట్టేది ఇంజిన్ వాటా పెంచడానికే. అంతా బ్రేకుల మీదే వేస్తే అవి కాలి, పట్టు తగ్గిపోతుంది. గేర్లు లేని స్కూటర్లకి ఇంజిన్ పట్టు తక్కువ, కాబట్టి మొదటి నుంచీ వేగమే తక్కువగా ఉంచుకోవాలి.

పెట్రోల్ ఆదా అని న్యూట్రల్‌లో దించేవాళ్లున్నారు. అది ఇంజిన్ తీసుకునే వాటా మొత్తాన్ని తీసుకెళ్లి బ్రేకులకు అప్పగించడమే. పైగా ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లు గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే సాధారణంగా పెట్రోల్ సరఫరానే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తిరగడానికి పెట్రోల్ కాలుతూనే ఉంటుంది. ఆదా కూడా లేదు.

ఎలక్ట్రిక్ స్కూటర్‌లో మోటారే తిరగబడి జనరేటర్‌లా పనిచేసి ఈ రుణ పని చేయగలదు. ఆ 17,50,000 జౌల్స్ అంటే అర యూనిట్ కరెంటుకి కాస్త తక్కువ. అందులో కొంత భాగం బ్యాటరీకి చేరుతుంది. కొండమీద నూరు శాతం ఛార్జ్ చేసుకుని బయల్దేరితే మాత్రం ఆ శక్తికి బ్యాటరీలో చోటుండదు, మోటారు పట్టు తగ్గి భారం మళ్లీ మామూలు బ్రేకుల మీదే పడుతుంది.

చెల్లికి చివరగా ఇచ్చిన లెక్క ఈ దారిదే. అదే 20 కిలోల బ్యాగు, బస్సులో కొండ దిగుతోంది. వేగం మారలేదు, బ్యాగు జారలేదు. దాని మీద ఎవరెవరు ఎంత పని చేశారు?

గురుత్వాకర్షణ ప్లస్ 1,40,000 అని వెంటనే చెప్పింది. నార్మల్ ఫోర్స్ రోడ్డు వాలుకి లంబంగా ఉంది, అది సున్నా. ఘర్షణ బ్యాగుని వెనక్కి, పైవైపు పట్టి ఆపుతోంది, కాబట్టి మైనస్ 1,40,000. మొత్తం సున్నా. ఇంతవరకూ తడుముకోలేదు.

“మరి అన్నయ్యా, బ్యాగు జారలేదు కాబట్టి బ్యాగు అడుగు వేడెక్కదు. బస్సు నేలా వేడెక్కదు. ఆ లక్షా నలభై వేలు ఎక్కడికెళ్లాయి?”

నేను జవాబు చెప్పకుండా ‘ఖాతా మార్చి చూడు’ అన్నాను. కాసేపు కాగితం చప్పుడు. బస్సు బ్యాగుని వెనక్కి పడుతుంటే బ్యాగు బస్సుని ముందుకు తోస్తోంది. బస్సు కూడా అటే కదులుతోంది. బ్యాగు బస్సు మీద చేసిన పని ప్లస్ 1,40,000. బ్యాగు తన దగ్గరున్నదంతా బస్సుకిచ్చేసింది. మరి బస్సు వేగం కూడా పెరగలేదే?

“బ్రేకులు!” అంది. అప్పటికే వెనకాల ఎవరో ఫోన్ ఇచ్చేయమని పిలుస్తున్నారు.